ముప్ఫయి సెకన్ల తీర్పు

తార్నాకలో ఎండాకాలం వచ్చిందని పంచాంగం చూసి తెలుసుకోనక్కరలేదు. చౌరస్తాలో తోపుడుబండి మీదికి తాటిముంజలు ఎక్కుతాయి. మెట్రో స్తంభాల నీడలో చెరకురసం యంత్రం గజ్జెలు కట్టుకుని తిరుగుతుంది. ఉస్మానియాలో పరీక్షలు వాయిదా వెయ్యాలని కొందరూ, వెయ్యరాదని కొందరూ బయలుదేరుతారు. వీటన్నిటి వెనకాలే కొత్త పాటలు దిగుతాయి. మామిడికిలాగే పాటకు కూడా ఇది కాపు కాలం. మామిడిపళ్ళ బండివాడు ఒక ముక్క కోసి మన చేతిలో పెడతాడు. ఆ ముక్క నోట్లో వేసుకుని బుట్ట సంగతి తేల్చేస్తాం. ఇప్పుడు పాట గతీ అంతే అయింది.

ఈ కాపు ఈనాటిది కాదు లెండి. ‘అడవి రాముడు’ 1977 ఏప్రిల్ 28న వచ్చింది. ‘జగదేక వీరుడు అతిలోక సుందరి’ 1990 మే 9న, అదీ తుపాను వానల్లో వచ్చింది. ‘ఖుషి’ 2001 ఏప్రిల్ 27. ‘పోకిరి’ 2006 ఏప్రిల్ 28. పరీక్షలు గట్టెక్కిన పిల్లలు, పెళ్ళిళ్ళకు దిగిన చుట్టాలు, పంట ఇంటికి చేరిన రైతులు, వీళ్ళందరికీ కాస్త తీరికా కాస్త డబ్బూ ఒకేసారి కలిసివచ్చే రోజులివి. అందుచేత బొమ్మకంటె ముందుగా పాటలు వచ్చి ఊరిమీద పడడం, బొమ్మ ఎలా వుండబోతోందో పాటను బట్టి జనం జాతకం వెయ్యడం రివాజయిపోయింది.

చిక్కల్లా ఎక్కడంటే, జాతకం వెయ్యడానికి పూర్వం నెల పట్టేది, ఇప్పుడు గంట కూడా పట్టడం లేదు. సాయంత్రం ఆరు గంటలకు విడుదలయిన పాట మీద ఏడు గంటలకల్లా అభిప్రాయం లేనివాడు తార్నాకలో మనిషి కింద లెక్క కాదు. పాలప్యాకెట్టు ఇచ్చే కుర్రాడు అడుగుతాడు, ఇస్త్రీ బండి ఆసామీ అడుగుతాడు: “కొత్త పాట విన్నరా సార్? ఎట్లున్నది?” వినలేదంటే జాలిపడతారు. విన్నాను గాని ఇంకా తెలియడం లేదంటే మాత్రం అనుమానంగా చూస్తారు.

మా పక్కవాటాలో ఒక రిటైర్డ్ రైల్వే గార్డుగారున్నారు. ఆయన దృష్టిలో 1974 లో ఘంటసాల పోవడంతో పాట సమాప్తం. ఆ తరవాత వచ్చినవన్నీ గూడ్సుబండి చప్పుళ్ళు. మనవరాలు క్యాంపస్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నది. ఆ పిల్ల ఫోను పెట్టగానే ఆయన పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంటారు. అది తీర్పుకు సిద్ధమయినట్టు గుర్తు.

“తాతయ్యా, వైబ్ బావుంది కదూ?”

“వైబంటే ఏమిటమ్మా? రాగమా?”

“రాగం కాదు. అంటే… అది వచ్చేస్తుంది అంతే.”

“జలుబు కూడా అంతే వస్తుంది” అన్నారాయన.

నవ్వుకోవడానికి బాగానే వుంది గాని, వాళ్ళిద్దరి మధ్యా తేడా అనుకున్నంత లేదని నా అభిప్రాయం. ఆయన పాట మొదలు కాకముందే తీర్పు చెబుతున్నారు, ఆ పిల్ల మొదలయిన మరుక్షణం చెబుతున్నది. వినడమన్న తతంగం ఇద్దరి మధ్యా జారిపోయింది.

వెనక ఇలా కుదిరేది కాదు. గ్రామఫోను రోజుల్లో 78 రికార్డు మీద ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాల పాట పట్టేది. ఆ పెట్టె వున్న ఇల్లు వీధికొకటి వుంటే గొప్ప. తక్కినవారికి హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకమే గతి. బాణీ తెలియకుండానే సాహిత్యం కంఠతా వచ్చేది. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలయాక పాట ఇంటికే రావడం మొదలుపెట్టింది. అయితే అది తనకు వీలయినప్పుడు వచ్చేది, మనం పిలిచినప్పుడు కాదు. సగం పాట విన్నాక కరెంటు పోతే, తక్కిన సగం ఎలా వుంటుందో ఊహించుకుంటూ వారం గడపాలి. ఆ వారంలో పాట మీద ప్రేమో కోపమో, ఏదో ఒకటి ముదిరేది.

ఆ తరవాత క్యాసెట్టు వచ్చింది. మా చౌరస్తాలో అప్పట్లో ఒక క్యాసెట్ల కొట్టు వుండేది. ఖాళీ క్యాసెట్టూ, తెల్లకాగితం మీద పాటల పట్టికా పట్టుకెళ్ళి యిస్తే రెండురోజుల్లో నింపి యిచ్చేవాడు. పట్టిక చూసి అతను పెదవి విరిచాడో, “వీటితో ఇంకోటి కలుపుతాను, వినండి” అన్నాడో, అదే మాకు విమర్శ. అతని పెదవి అన్నిసార్లూ సరిగా విరిగిందని చెప్పను. కాని అతను పాటను కొట్టులో వందసార్లు విన్నాక విరిచేవాడు. మనం కూడా కొన్న పాపానికి క్యాసెట్టు మొత్తం వినేవాళ్ళం. రెండోవైపు మూడోపాట నచ్చకపోతే దాన్ని దాటించడానికి బొత్తాం నొక్కిపట్టుకుని, ఎక్కడ ఆపాలో తెలియక అవస్థపడడం కంటె వినెయ్యడమే సులువు. అలా విన్నవాటిలోంచే కొన్ని పాటలు ఆరునెలలకు మెల్లిగా లేచి కూచునేవి. నచ్చనిదాన్ని భరించడంలో కూడా ఒక లాభం వుంది సుమండీ. రాబర్ట్ జాయెన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968 లో దీనిమీద ఒక ప్రసిద్ధమయిన వ్యాసమే ప్రకటించాడు: ఒక వస్తువు మళ్ళీ మళ్ళీ ఎదురుపడితే చాలు, దానిమీద ఇష్టం పెరుగుతుందని. మా కొట్టువాడికి ఆ సంగతి వ్యాసం చదవకుండానే తెలుసు.

‘ఖుషి’ పాటలు వచ్చిన వేసవి నాకు బాగా జ్ఞాపకం. అందులో 1955 నాటి ‘మిస్సమ్మ’ పాట ఒకటి మణిశర్మ కొత్తగా పాడించాడు. మా వీధి పెద్దలు మండిపడ్డారు. పింగళివారి మాటనూ సాలూరి రాజేశ్వరరావుగారి బాణీనీ వీళ్ళు ముట్టుకోవడమేమిటని గార్డుగారు మూడురోజులు అన్నం సహించనట్టు తిరిగారు. ఆగస్టు వచ్చేసరికి ఆ వీధిలోనే పదేళ్ళ పిల్లలు ‘మిస్సమ్మ’ ఎక్కడ దొరుకుతుందని క్యాసెట్ల కొట్టులో అడుగుతున్నారు. గార్డుగారు తమ పాత రికార్డు తీసి వాళ్ళను కూచోబెట్టి వినిపించారు. ఏప్రిల్‌లో చెప్పిన అభిప్రాయాన్ని ఆయన ఇప్పటికీ ఉపసంహరించుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

కొత్త పాట చేతిలోకి వచ్చిన పద్ధతే మారిపోవడంతో పాట తయారయ్యే పద్ధతి కూడా మారింది. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. స్పాటిఫై వంటి కంపెనీలు ముప్ఫయి సెకన్లు వింటేనే ఒక వినికిడి కింద జమకడతాయి. ఇరవైతొమ్మిదో సెకనులో వేలు జరిపారా, కట్టినవాడికి దమ్మిడీ లేదు. ఇక సంగీత దర్శకుడు ఏం చేస్తాడు? తాంబూలం, మంచినీళ్ళు, కుశలప్రశ్నలు అన్నీ మానేసి గుమ్మంలోనే విస్తరి వేస్తాడు. అమెరికాలో ఒక పరిశోధకుడు 1986 నుంచి 2015 వరకు అగ్రస్థానాల్లో నిలిచిన పాప్ పాటలు తీసుకుని, గొంతు వినబడేవరకు నడిచే వాద్యసంగీతం ఎంతసేపుందో కొలిచాడు. మొదట్లో ఇరవై సెకన్లకు పైచిలుకు వుండేది చివరికొచ్చేసరికి అయిదు సెకన్లకు దిగింది. మన దగ్గర కొలిచినవారున్నారో లేదో గాని, ఇళయరాజా పాటలు విన్న చెవికి కొలబద్ద అక్కరలేదు. ఆయన పాటలో పల్లవికి ముందు వచ్చే వాద్యాల అల్లికే ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళోంచి నడిచి వెళ్ళాకనే ఇల్లు కనిపిస్తుంది. ‘గీతాంజలి’ 1989 మేలో వచ్చింది. ఆ పాటల ఎత్తుగడలు తీసేసి ఊరికే పల్లవులు పాడి చూడండి, ఏం పోయిందో మీకే తెలుస్తుంది.

ఈ వేసవిలో నేను విన్నవాటి సంగతి చెప్పమంటారా? పేర్లు చెప్పను. మా వీధిలో ప్రతి హీరోకూ అభిమానులున్నారు, నేను రోజూ ఆ వీధిలోంచే కూరలకు వెళ్ళాలి. ఒక పాటలో కథానాయకుడి గొప్ప తప్ప కథానాయకుడు లేడు. డప్పులు మాత్రం అసలైనవి, వాయించినవాళ్ళు ఎవరో గాని వారికి నా నమస్కారం. ఇంకొక పాట ప్రేమపాటేనట, మూడుసార్లు విన్నాను, అబ్బాయి గొంతు అమ్మాయికంటె యంత్రాన్నే ఎక్కువ ప్రేమిస్తున్నట్టుంది. మరొకటి వుంది, నిదానంగా నడుస్తుంది, రెండో చరణంలో వేణువు ఒక్కటే రెండు క్షణాలు నిలబడుతుంది. దాని కోసం నేను మొత్తం పాట వింటున్నాను. మనవరాలు దాన్ని “స్లో” అని ఒక్కమాటలో తీసిపారేసింది. స్లో అన్నది దోషం పేరు ఎప్పుడయిందో!

జనం అభిప్రాయం అడగడం తప్పేమీ కాదు. లండన్‌లో బి.బి.సి. వారు 1959 నుంచి 1967 వరకు టెలివిజన్‌లో ఒక వేడుక నడిపారు. కొత్త రికార్డు పెట్టేవారు, నలుగురు పెద్దలు కూచుని ఇది నిలుస్తుందా పోతుందా అని ఓటు వేసేవారు. నిలుస్తుందంటే గంట, పోతుందంటే బూర. 1963 డిసెంబరులో బీటిల్స్ నలుగురే ఆ కుర్చీల్లో కూచున్నారు. ఇటు రేడియో సిలోన్‌లో అమీన్ సయానీగారు హిందీ పాటలకు మెట్లు కట్టి వారంవారం ఎక్కించి దించేవారు. ఆ ఓట్లూ మెట్లూ అన్నీ సరదా. తేడా ఏమిటంటే, అప్పుడు తీర్పు విన్నవాడికి తాను విడిగా వినే అవకాశం మిగిలివుండేది. ఇప్పుడు పాట కిందనే అంకె కూచుని వుంటుంది. పాట చెవిలో పడేలోగా అంకె కంట్లో పడుతుంది.

ఆ అంకె ఏం చేస్తుందో కొలంబియా విశ్వవిద్యాలయంవారు పరీక్షించి 2006 లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. ఎవరికీ తెలియని బృందాలవి 48 పాటలు తీసుకుని, 14,341 మందికి ఇంటర్నెట్టులో వినిపించారు. కొందరికి పాటలు మాత్రమే ఇచ్చారు. తక్కినవారిని ఎనిమిది గుంపులుగా విడదీసి, ఒక్కొక్క గుంపుకు తమ గుంపులో ఏ పాటను ఎందరు తీసుకున్నారో అంకె చూపించారు. ఏమయిందనుకున్నారు? అన్ని గుంపుల్లోనూ ఒకే విజేత రాలేదు. ఒకే పాట ఒక గుంపులో మొట్టమొదటి స్థానంలో వుంటే మరొక గుంపులో నలభయ్యో స్థానంలో పడింది. బాగా మంచి పాట అడుగున పడడం అరుదు, బాగా చెడ్డది పైకి రావడం అరుదు. కాని ఆ మధ్యలో వున్నవాటి అదృష్టమంతా మొదట విన్న పదిమంది చేతిలో వుంది. వాళ్ళు ఎటు మొగ్గితే వెనకవాళ్ళు అటే. తార్నాక చౌరస్తాలో ఒకడు ఆకాశంలోకి తలెత్తి నిలబడితే ఎందరు నిలబడతారో మీరెరుగుదురు గదా!

ఇలాంటి అంకెలు డబ్బు పెట్టి కొనవచ్చునని తేలాక తమాషా ఇంకొంచెం ముదిరింది. 2019 జూలైలో ఒక హిందీ పాప్ పాట 24 గంటల్లో 7 కోట్ల 50 లక్షల మంది చూశారని చాటారు. ప్రకటనల ద్వారా చూపించినవి కూడా అందులో వున్నాయని బయటపడ్డాక, ఆ సెప్టెంబరులో యూట్యూబు వారు 24 గంటల రికార్డుల్లో డబ్బిచ్చి చూపించినవి లెక్కలోకి రావని నియమం పెట్టారు. 2021 నవంబరులో నచ్చలేదన్నవాళ్ళ సంఖ్యను జనానికి కనబడకుండా దాచేశారు. అంటే ఊరందరికీ వినబడేలా గంట మోగుతుంది గాని బూర మోగదు.

మన ఊరికి మాత్రం అంకెలను మించిన పరీక్షలు వున్నాయి. మొదటిది పెళ్ళి బ్యాండు. ఏప్రిల్‌లో వచ్చిన పాటను మే నెలాఖరుకు సికింద్రాబాదు బ్యాండువాళ్ళు క్లారినెట్టు మీద పట్టుకున్నారంటే ఆ పాటకు వెన్నెముక వుందన్నమాట. వెనక వున్న యంత్రాలన్నీ తీసేసినా నిలబడే బాణీయే క్లారినెట్టు మీద నిలుస్తుంది. రెండోది వినాయక చవితి. మండపంలో మైకు దగ్గర కూచున్న కుర్రాడికి ఎవరి మొహమాటమూ లేదు. వేసవిలో పుట్టి నిమజ్జనం లారీ ఎక్కేదాకా బతికిన పాటకు ఇక ఆయుర్దాయం గురించి బెంగ లేదు.

సినిమా అండ లేని పాటకు ఈ గండాలు గడవడం మరీ కష్టం. పూర్వం అలాంటివాటికి రేడియోలో లలిత సంగీతం వుండేది. 2000 ప్రాంతంలో స్మిత ‘హాయ్ రబ్బా’తో తెలుగులో పాప్ అనే మాట ఇంటింటికీ తెచ్చింది. ఇప్పుడు యూట్యూబులో పల్లెపాటల వాళ్ళు ఒక్కపాటనే ఆల్బం అంటున్నారు. ఒక్క మామిడికాయను తోట అన్నట్టుంటుంది గాని, ఆ ఒక్కటి కాయించడానికి ఎంత ఖర్చవుతుందో తెలిశాక నేను నవ్వడం మానేశాను. అందులోంచి లేచి నిలబడ్డవాళ్ళు లేకపోలేదు. హైదరాబాదు గల్లీ భాషలో సొంతపాటలు కట్టుకుని యూట్యూబులో పెట్టుకున్న రాహుల్ సిప్లిగంజ్ 2023 మార్చిలో కాలభైరవతో కలిసి ఆస్కార్ వేదిక మీద ‘నాటు నాటు’ పాడాడు. ‘బుల్లెట్టు బండి’ సంగతి ఇంకా విచిత్రం. లక్ష్మణ్ రాయగా మోహన భోగరాజు పాడిన ఆ పాట 2021 ఏప్రిల్‌లో వచ్చింది. ఆగస్టులో ఒక పెళ్ళికూతురు బరాత్‌లో వరుడి ఎదుట నడివీధిలో ఆ పాటకు ఆడింది. అంతే, తెలుగువాళ్ళున్న ప్రతి పెళ్ళిలోనూ అదే మోగింది. ఏప్రిల్‌కూ ఆగస్టుకూ మధ్య పాటలో ఒక్క అక్షరం మారలేదు. ఏప్రిల్‌లోనే తీర్పు చెప్పి దస్త్రం కట్టేసినవాళ్ళు దాన్ని ఎక్కడ పెట్టివుంటారు?

ఇదంతా నేను ఇంత పట్టించుకోవడానికి కారణం క్యాంపస్‌లోని ఒక హాస్టలు కుర్రాడు. తార్నాక వాళ్ళకు పొద్దున నడకంటే ఉస్మానియాయే. ఎండ ఎక్కకముందు ఆర్ట్స్ కాలేజీ చుట్టూ తిరిగి రావడం మా అందరి అలవాటు. 1939 లో తెరిచిన ఆ రాతిమేడ ముందు ఎన్ని పాటలు పుట్టాయో, ఎన్ని వేలమంది ఒకే గొంతుతో ఎత్తుకున్నారో తెలంగాణ ఉద్యమం చూసిన వారికి చెప్పనక్కరలేదు. ఆ పాటలకు అంకెలు లేవు. వెనకాల కోరస్సు వస్తే బతికినట్టు, రాకపోతే పోయినట్టు. గోరటి వెంకన్నగారి పాట కూడా అలా నోటినుంచి నోటికి నడిచిందే. 2021 కి ఆయన పుస్తకానికి సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది.

మన కుర్రాడిది జగిత్యాల దగ్గరి పల్లె. తెలుగులో పరిశోధన చేస్తున్నాడు. వాళ్ళ నాన్న దుబాయిలో పదకొండేళ్ళు పనిచేసి వచ్చాడు. ఈ అబ్బాయి, ఇంటి దగ్గర మిగిలిపోయిన ఆడవాళ్ళ మీద ఒక పాట రాసి, తానే బాణీ కట్టి, నాలుగునెలల ఫెలోషిప్పు డబ్బు స్టూడియోకూ కెమెరాకూ పోసి, ఏప్రిల్‌లో విడుదల చేశాడు. పాట మొదట్లో తాళం లేకుండా నలభై సెకన్ల సాకీ వుంది. అది పాడింది వాళ్ళ నాయనమ్మ. ఎనభై ఏళ్ళ మనిషి. పోయిన బతుకమ్మకు ఇంటి అరుగు మీద ఫోనులో పట్టుకున్న గొంతు అది. మధ్యలో ఎక్కడో కోడి కూసింది కూడాను.

ఒకనాడు పొద్దున నన్ను ఆపి ఫోను చేతిలో పెట్టాడు.

“ఒక్కసారి విని చెప్పుండ్రి సార్. మొహమాటం వద్దు.”

విన్నాను. మరోసారి విన్నాను. సాకీ అయ్యాక దరువు పడినప్పుడు, ఆ ముసలమ్మ ఎవరితో మాట్లాడుతున్నదో అప్పుడు తెలిసింది నాకు. మూడోసారి ఇంటికి వెళ్ళి వింటానన్నాను. అతను తల వూపి, ఒక గీత బొమ్మ చూపించాడు.

“ఇగో, ఇక్కడ చూడుండ్రి. నూరుమంది వస్తే అర నిమిషం కాడికి ముప్ఫై మంది ఉంటున్నరు. సాకీ అయిపోకముందే పోతున్నరు సార్.”

“మరి వున్న ముప్ఫైమంది?”

“వాళ్ళు ఆఖరి దాంక ఉంటున్నరు.”

గీత నిజంగానే అలా వుంది. మొదట గోడలా కూలి, ఆ తరవాత చెరువునీళ్ళలా నిశ్చలంగా సాగింది. హాస్టలు మిత్రులందరూ సాకీ కొయ్యమన్నారట. పాటను తన ఛానెల్లో పెట్టుకుంటానని వచ్చిన ఒక ఆసామీ అదే షరతు పెట్టాడట: ముసలమ్మను తీసెయ్యి, దరువుతో ఎత్తుకో, రీలుకు పదిహేను సెకన్లు పనికివచ్చేలా వుండాలి, అప్పుడు పెట్టిన డబ్బులో కొంత వెనక్కి ఇప్పిస్తాను అని.

కొయ్యవద్దన్నాను. సాకీ లేకపోతే ఆ దరువు ఏ బరాత్‌లోనయినా వాయించుకోవచ్చు, సాకీ వుంటే అది ఒక్క గుమ్మం ముందే మోగుతుందని చెప్పాను. అతను మర్యాదగా విన్నాడు.

“మీరన్నది మంచిగనే ఉంది సార్. లెక్క నాది గద” అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇరవైనాలుగేళ్ళ కుర్రాడు నాలుగునెలలు మెస్సు బాకీతో తిరుగుతుంటే, వాడికి కళ గురించి చెప్పడం అన్నం తిని చెయ్యి కడుక్కున్నవాడికి సులువే. నేను చేయగలిగింది ఒకటుంది, చేశాను: మీ నాయనమ్మకు వినిపించావా అని అడిగాను. వినిపించలేదట. ఆవిడకు ఫోను లేదు, అందులో తన గొంతు వున్నదనీ తెలియదు. మే నెలలో చుట్టాల పెళ్ళికి ఊరు వెళుతున్నానన్నాడు.

వెళ్ళి వచ్చాక చెప్పాడు. పెళ్ళివారింట్లో అరుగు మీద కూచోబెట్టి వినిపించాడట. ఆడవాళ్ళందరూ చుట్టూ చేరారు. ఆవిడ చెవి దగ్గర ఫోను పెట్టుకుని మొదటి నుంచి చివరి వరకు వింది. మెచ్చుకుంటుందేమోనని, కన్నీళ్ళు పెట్టుకుంటుందేమోనని ఇతను కాచుకుని కూచున్నాడు.

“అంతా మంచిగనే ఉంది గని బిడ్డా,” అన్నదట ఆవిడ, “నన్ను నడుమల్నే ఎందుకాపిండ్రు? ఇంక రెండు వరసలు ఉండె గద!”

అక్కడికక్కడే ఆ మిగిలిన రెండు వరసలూ పాడింది. చుట్టూ వున్న ఆడవాళ్ళలో నలుగురైదుగురు అందుకున్నారు. ఇతను ఫోను తీసి పట్టుకున్నాడు. ఈసారి కోడి లేదు గాని, వంటశాలలోంచి గంటె చప్పుడు పడింది.

ఛానెలు ఆసామీకి కుదరదని కబురు చేశాడు. మెస్సు బాకీ తీర్చడానికి సాయంత్రాలు తార్నాకలో ఇంటర్మీడియట్ పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు. గార్డుగారి మనవరాలే ఆ ఇల్లు చూపించింది.

పోయిన ఆదివారం పాటను మళ్ళీ ఎక్కించాడు. సాకీ ఇప్పుడు నిమిషం మీద పది సెకన్లు. నిన్న రాత్రికి చూసినవాళ్ళు 2,316 మంది. మనవరాలు విని, “స్లోనే, కాని వుంచాను” అన్నది. గార్డుగారు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని రెండుసార్లు విన్నారు. మూడోసారికి ఫోనులో ఛార్జింగు అయిపోయిందట.